కొన్నది చేరిందా?

ప్రభుత్వం కొనే ప్రతి వస్తువూ ప్రజల డబ్బుతోనే గదా కొనేది! సుద్దముక్కల దగ్గర నుంచి ఆస్పత్రి మందుల దాకా అంతే. మరి ఆ కొనుగోళ్ళను కనిపెట్టి చూసేదెవరు?

చూసేవాళ్ళు లేకపోలేదు. పోటీ ఉండాలి, పారదర్శకత ఉండాలి అని కేంద్రం 2017లో తెచ్చిన సాధారణ ఆర్థిక నియమావళి చెబుతోంది. ఆపైన కాగ్ తనిఖీ ఉంది. రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం ఆ నివేదికలు చట్టసభల ముందుకు రావాలి. వాటిని పరిశీలించే పార్లమెంటు ప్రజాపద్దుల సంఘానికి 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుణ్ణే అధ్యక్షుణ్ణి చేసే సంప్రదాయమూ ఉంది.

ఇన్ని కళ్ళున్నా బీహారులో ఏమైంది? పశువుల మేత, మందులు కొన్నామంటూ దొంగ బిల్లులు పెట్టి ఏళ్ళ తరబడి ఖజానాను ఖాళీ చేశారు. 1996లో గానీ ఆ గుట్టు రట్టు కాలేదు. మేత మోసిన లారీలంటూ రాసిన నంబర్లలో కొన్ని స్కూటర్లవని తేలింది! కాగితం మీద మాత్రం అంతా సక్రమమే. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగితే లాభమేమిటి?

లోపం ఎక్కడంటే, మన తనిఖీ ధర దగ్గరా, సంతకం దగ్గరా ఆగిపోతోంది. సరుకు చేరిందా, పనికొచ్చిందా అని వాడేవాణ్ణి అడగడం లేదు. అధికారుల మీద నిఘా ఎక్కువైతే వాళ్ళు భయపడి ఫైళ్ళు కదపరని కొందరంటారు. నిజమే కావచ్చు. కానీ మనం అడిగేది మరో పై సంతకం కాదు, కింది నుంచి ఒక సాక్ష్యం.

ఇదేం జరగని పనీ కాదు. తమిళనాడు 1994లో పెట్టిన మందుల కొనుగోలు సంస్థ, నమూనాలు ప్రయోగశాలలో నెగ్గాకే మందులను ఆస్పత్రులకు పంపే పద్ధతి నెలకొల్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు జరిపి, ఊరి జనం ముందే లెక్కలు చదివి, "నీకు ఇంత ముట్టిందా?" అని కూలీనే అడిగారు. కూలి డబ్బుకు పనికొచ్చిన పద్ధతి హాస్టలు బియ్యానికీ, లాబొరేటరీ పరికరాలకూ ఎందుకు పనికిరాదు?

2005 సమాచార హక్కు చట్టం రికార్డులు చూసే హక్కే కాదు, సరుకు నమూనా తీసుకునే హక్కు కూడా ఇచ్చింది. ప్రతి హాస్టల్లోనూ స్టాకు రిజిస్టరు నకలును నోటీసు బోర్డు మీద పెట్టమని విద్యార్థి సంఘాలు పట్టుబట్టాలి. సరుకు దిగిన రోజున తూకం దగ్గర ఇద్దరు విద్యార్థులు నిలబడాలి. తినేది మనమే కదా, చూడాల్సిందీ మనమే.