వెబ్‌సైట్‌కి హంగులు సరే, ఆమెకి దారేది?

స్త్రీల సంస్థల సమావేశాల్లో వెబ్‌సైట్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒకటే మాట వింటుంటాను: "అది సాంకేతిక విషయం, డిజైన్ చేసేవాళ్లు చూసుకుంటారు." కరపత్రంలో ఒక్క మాట కోసం అర్ధరాత్రి దాకా వాదించుకునే మనం వెబ్‌సైట్‌ని మాత్రం ఎవరో చూసుకుంటారని వదిలేస్తున్నాం. ఈ ధోరణిని నేను ఒప్పుకోను. పేజీలో ఏది పైన ఉండాలి, ఏది అడుగున ఉండాలి, ఏ భాషలో ఉండాలి, లోపలికి రావాలంటే ఏం అడగాలి - ఇవన్నీ ఎవరిని రానివ్వాలి, ఎవరిని గడప బయటే ఆపాలి అనే నిర్ణయాలు. వాటిలో రాజకీయం ఉంది.

ప్రతి వెబ్‌సైట్ వెనకా ఒక ఊహా మనిషి ఉంటాడు. అతనికి సొంత ఫోన్ ఉంది. దాన్ని ఇంకెవరూ తెరిచి చూడరు. ఇంగ్లీషు వచ్చు, చూపు బాగుంది, డేటా ఖర్చు లెక్క లేదు, కావలసినంత తీరిక ఉంది. 'అతను' అని కావాలనే అంటున్నాను. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్నవాళ్లు 54 శాతమే. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. పురుషుల్లో ఈ అంకెలు 48.8, 57.4. ఐటీ రాజధానులమని చెప్పుకునే రాష్ట్రాల సంగతి ఇది!

ఇక ఈ అంకెల వెనకున్న ఇంట్లోకి చూడండి. స్మార్ట్‌ఫోన్ భర్తదో కొడుకుదో. ఆధార్‌కీ బ్యాంకు ఖాతాకీ జతచేసిన నంబరు కూడా చాలా ఇళ్లలో అతనిదే. ఫిర్యాదు నమోదు కావాలంటే ఓటీపీ చెప్పమంటుంది వెబ్‌సైట్. ఆ ఓటీపీ ఎవరికి వెళ్తుంది? ఎవరి మీద ఆమె ఫిర్యాదు చేస్తోందో ఆయనకే! "మీ ఫిర్యాదు అందింది" అనే మెసేజ్ కూడా అక్కడికే. 2005లో గృహహింస నిరోధక చట్టం రావడానికి ఏళ్ల తరబడి పోరాడాం. ఆ చట్టం ఇచ్చిన రక్షణని ఓటీపీ గడి ఒక్కటి వెనక్కి లాక్కుంటుంటే, దాన్ని సాంకేతిక విషయం అందామా?

బ్రిటన్ ప్రభుత్వం తన వెబ్‌సైట్ల డిజైన్ ప్రమాణాల్లో 2023లో ఒక బటన్‌ని చేర్చింది. హింసకి గురవుతున్న మనిషి సహాయం కోసం చదువుతుండగా ఎవరైనా గదిలోకి వస్తే, అది నొక్కగానే వాతావరణ వార్తల లాంటి మామూలు పేజీ తెర మీదికి వస్తుంది. మంచి ఆలోచనే. కానీ ఏయే పేజీలు చూసిందో ఫోన్‌లో మిగిలిపోయే జాబితా దానివల్ల చెరిగిపోదు. ఆ సంగతి చెప్పకుండా బటన్ ఒక్కటే పెడితే, అది రక్షణ ఉందనే భ్రమని మాత్రమే ఇస్తుంది. నంబరు నొక్కగానే ఫోన్ కలిసే ఏర్పాటు కూడా అంతే. ఆ కాల్ ఫోన్‌లో నమోదవుతుందని పక్కనే రాయాలి. మంచి డిజైన్ అంటే ఆమె ఎదుర్కొనే ప్రమాదాన్ని ముందుగా ఊహించడం.

ఇప్పటి ఫ్యాషన్ మాత్రం వేరు. పేజీ నిండా కదిలే ఫోటోలు, దానంతటదే మొదలై మోత పెట్టే వీడియో, తెల్లటి నేల మీద లేత బూడిదరంగు అక్షరాలు. ఉత్తర్వులేమో స్కాన్ చేసిన కాగితాలు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగు ఉంది. అయినా ఇప్పటికీ పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసి, బొమ్మగా మార్చి పెట్టే పేజీలు కనిపిస్తున్నాయి. చూపులేని స్త్రీకి తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి ఆ బొమ్మ మూగది. దాన్ని వెతికినా దొరకదు. పెద్దగా చేస్తే అలుక్కుపోతుంది.

దీనికి నియమాలు లేవా? ఉన్నాయి. ప్రభుత్వ వెబ్‌సైట్లకి మార్గదర్శకాలు 2009లోనే వచ్చాయి, 2023లో వాటి మూడో కూర్పు వచ్చింది. సమాచార మాధ్యమాలు అందరికీ అందుబాటులో ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. యాసిడ్ దాడికి గురైన ప్రజ్ఞా ప్రసూన్‌ని ఒక బ్యాంకు ఆన్‌లైన్ గుర్తింపు కోసం కెమెరా ముందు కనురెప్పలు ఆర్పమంది. దాడి వల్లనే ఆమె అది చెయ్యలేదు. ఆమె సుప్రీంకోర్టుకి వెళ్లింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని కోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది. ఒక పురుషుడు పోసిన యాసిడ్ చేసిన నష్టాన్ని ఒక డిజైన్ మళ్లీ మళ్లీ చెయ్యగలదని ఈ కేసు మనకి చూపించింది.

ఇక అంగీకారం సంగతి. "కాదు అంటే కాదు" అని మనం ఎన్నేళ్లుగా అంటున్నాం! వెబ్‌సైట్లలో 'సరే' అనే బటన్ పెద్దగా, రంగుల్లో ఉంటుంది. 'వద్దు' అనేది వెతికితే గానీ దొరకదు. దొరికినా, వద్దన్నందుకు సిగ్గుపడేలా ఒక మాట విసురుతుంది. వీటికి డార్క్ ప్యాటర్న్స్ అని 2010లో హ్యారీ బ్రిగ్నల్ పేరు పెట్టాడు. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో ఇలాంటి 13 రకాల ఎత్తుగడల్ని నిషేధించింది. బలవంతపు ఒప్పుదల ఒప్పుదల కాదని ఇంట్లో, ఆఫీసులో వాదించే మనం తెర మీద కూడా ఆ మాటే అనాలి.

ప్రభుత్వాన్నీ కంపెనీలనీ అడిగే ముందు మన వెబ్‌సైట్లు తెరిచి చూద్దాం. మొదట ఇంగ్లీషు. ఆ తర్వాత మన లక్ష్యాలు, అవార్డులు, వార్షిక నివేదిక, విరాళం బటన్. తలవంచుకు కూర్చున్న ఒక స్త్రీ పెద్ద ఫోటో. సహాయానికి పిలవాల్సిన నంబరు అట్టడుగున చిన్న అక్షరాల్లో. ఇది నిధులిచ్చేవాళ్ల కోసం కట్టిన ఇల్లు. బాధితురాలికి ఇందులో దొడ్డిదారి కూడా లేదు.

"మన ఊరి ఆడవాళ్లు వెబ్‌సైట్లు చూస్తారా?" అని కొందరు పెదవి విరుస్తారు. పదో తరగతి చదివే కూతురు చూస్తుంది. ఆశా కార్యకర్త, సంఘం లీడరు చూసి పదిమందికి చదివి చెబుతారు. చదివి వినిపిస్తే అర్థమయ్యే తెలుగు ఉండాలని అడగడానికి ఇదే కారణం. "డబ్బు లేదు" అనేవాళ్లకి నా జవాబు: ఖర్చంతా హంగులకే. అక్షరాలు మాత్రమే ఉన్న పేజీ చౌక, పైగా బలహీనమైన సిగ్నల్‌లో కూడా తెరుచుకుంటుంది.

కాబట్టి ఇకనుంచి డిజైన్ కూడా మన హక్కుల పత్రంలో ఉండాలి. సమాచారం చదవడానికి ఓటీపీ, లాగిన్ అడగకూడదు. ఫిర్యాదు చేసే స్త్రీ ఏ నంబరుకి, ఏ వేళకి ఫోన్ చెయ్యాలో తనే చెప్పగలగాలి, అసలు చెయ్యొద్దనే వీలు కూడా ఉండాలి. 181 నంబరు మొదటి తెరమీదే కనిపించాలి. యూనికోడ్ తెలుగు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, డిజైనర్‌కి బిల్లు చెల్లించే ముందు అయిదుగురు సంఘం స్త్రీల చేతికి ఒక పాత ఫోన్ ఇచ్చి, కావలసిన సమాచారం వెతకమనాలి. వాళ్లలో ఒకరు చూపులేనివారై ఉండాలి. వాళ్లకి దొరకకపోతే పని పూర్తి కానట్టే. బిల్లు ఆపండి!