ప్లగ్గు పట్టింది కదా అని...

కొత్త డిస్కు కొనేముందు మనం ఎంత పరిశోధన చేస్తామో! నాలుగు సైట్లలో ధరలు చూస్తాం, పది రివ్యూలు చదువుతాం, ఆఫీసులో పక్క సీటువాడి బుర్ర తింటాం. మరి దాన్ని లోపల తగిలించే కేబుల్ సంగతో? "ఏదో ఒకటి, డబ్బాలో పడి ఉంటుందిలే." నేనూ ఈ బాపతే. ఆ "ఏదో ఒకటి" నాకెంత పని చేసిందో ముందు చెప్తాను, నా గోల తర్వాత.

ఊళ్ళో నాన్న వాడే కంప్యూటర్ మూలన పడింది. అందులో హార్డ్ డిస్కు మాత్రం బాగానే ఉందని విప్పుకుని హైదరాబాద్ పట్టుకొచ్చాను. పన్నెండేళ్ళ ఫోటోలు, అక్క పెళ్ళి వీడియో, అన్నిటికన్నా ముఖ్యంగా నాయనమ్మ చేత చెప్పించి రికార్డు చేసిన కథలు అందులోనే ఉన్నాయి. ఆవిడ ఇప్పుడు లేదు. ఇంకెక్కడా కాపీ కూడా లేదు. (తెలుసు, తిట్టండి.) అదే వారం నా డెస్క్‌టాప్‌కి ఒక కొత్త ఎస్సెస్డీ కొన్నాను. రెండూ తగిలించి, కాపీకి పెట్టేసి, ఈలోపు టీ తాగొద్దామని ప్లాను.

నాది మాడ్యులర్ పవర్ సప్లై. అంటే కేబుళ్ళు దానికి అతుక్కుని ఉండవు, కావలసినవి మనమే గుచ్చుకోవాలి. దాంతోపాటు వచ్చిన సాటా పవర్ కేబుల్ అప్పటికే ఉన్న డిస్కులకి సరిపోయింది. అటక మీద డబ్బా వెతికితే, అంతకుముందు వాడిన పవర్ సప్లై తాలూకు కేబుల్ ఒకటి దొరికింది. కంపెనీ వేరు. కానీ ఇటు ఆరు పిన్నుల ప్లగ్గు, అటు ఆరు పిన్నుల సాకెట్టు. టక్కున పట్టింది. స్విచ్ నొక్కాను. ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగిపోయింది. ఆ వెనకే ఒక వాసన... ఇంజనీరింగ్ ల్యాబులో ఒక్కసారైనా ఏదో ఒకటి కాల్చినవాళ్ళకి ఆ వాసన గురించి చెప్పక్కర్లేదు.

జరిగిందేమిటంటే, సాటా పవర్ కేబుల్‌కి డిస్కు వైపు ఉండే 15 పిన్నుల ప్లగ్గుకి ఒక స్టాండర్డ్ ఉంది. ఎక్కడ 3.3 వోల్టులు, ఎక్కడ 5, ఎక్కడ 12 అన్నది ఏ కంపెనీ అయినా ఒకటే. పవర్ సప్లై వైపు మాత్రం అలాంటిదేమీ లేదు. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ స్టాండర్డ్ మదర్‌బోర్డుకి వెళ్ళే ప్లగ్గు ఎలా ఉండాలో చెప్తుంది. మాడ్యులర్ సాకెట్లో ఏ పిన్ను ఏమిటన్నది తయారుచేసేవాడి ఇష్టం. ఒకే కంపెనీవాడి రెండు సిరీస్‌ల మధ్య కూడా తేడాలుంటాయి. నా పాత కేబుల్ 5 వోల్టులు వెళ్ళాల్సిన తీగలోకి 12 పంపింది.

మన భాషలో చెప్పాలంటే, రెండు ఫంక్షన్ల సిగ్నేచర్ ఒకటే, లోపల చేసే పని వేరు. కంపైలర్ కిమ్మనదు, రన్‌టైమ్‌లో కొంప మునుగుతుంది. ఇలాంటి డిజైన్ కోడ్ రివ్యూకి వస్తే మనం ఊరుకుంటామా?

పాతకాలం ఐడీఈ కేబుల్ ఈ విషయంలో ఎంతో నయం. వెడల్పాటి పట్టీ కేబుల్ గుర్తుందా? అందులో 40 తీగలది, 80 తీగలది అని రెండు రకాలుండేవి. ప్లగ్గు రెంటికీ 40 పిన్నులే. వేగం ఎక్కువున్న డిస్కుకి 40 తీగలది తగిలిస్తే బోర్డు అది కనిపెట్టి వేగాన్ని సెకనుకి 33 మెగాబైట్లకి తగ్గించేది. అంతే. తప్పు మనదే అయినా శిక్ష నెమ్మదిగా నడవడం వరకే. ఇప్పటి మాడ్యులర్ కేబుల్ దగ్గర మాత్రం తప్పుకి శిక్ష ఉరే!

నా డబ్బు పోయాక నేర్చుకున్నవి మీకు ఉచితంగా:

1. పవర్ సప్లైతో వచ్చిన కేబుళ్ళు దానికే. కొత్త పవర్ సప్లై బిగిస్తే పాత కేబుళ్ళు కూడా పీకేయాల్సిందే. అదనంగా కావాలంటే సరిగ్గా మీ మోడల్‌కే పనికొస్తుందని తయారీదారు చెప్పినదే కొనండి.

2. పాత నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకి మార్చే చౌక అడాప్టర్లుంటాయి. ప్లాస్టిక్ కరిగించి ఒకే ముద్దగా పోతపోసిన రకం జోలికి పోవద్దు. లోపల తీగలు ఒకదానికొకటి తగిలి అంటుకున్న సందర్భాలున్నాయి.

3. డేటా కేబుల్ దగ్గర ఇంత భయం అక్కర్లేదు. "సాటా 3 కేబుల్" అని ఎక్కువ అడిగితే నమ్మకండి. 1.5, 3, 6 గిగాబిట్లు, మూడింటికీ అవే ఏడు పిన్నులు, బాగున్న పాత కేబుల్ చాలు. పొడవు మీటరు దాటకూడదు, కొసన ఊడిపోకుండా పట్టే క్లిప్పు ఉంటే మంచిది.

4. డిస్కు ఉన్నట్టుండి మొరాయిస్తే, పోయిందని తేల్చేముందు స్మార్ట్ రిపోర్టులో 199 నంబరు చూడండి. అది సీఆర్సీ తప్పుల లెక్క. పెరుగుతూ పోతుంటే అనుమానించాల్సింది ముందు డేటా కేబుల్‌ని. కేబుల్ మార్చాక ఆ అంకె తగ్గదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి.

ఇంతకీ నాన్న డిస్కు ఏమైందంటారా? సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర డిస్కులు బాగుచేసే ఒకాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. చాలా హార్డ్ డిస్కుల బోర్డు మీద టీవీఎస్ డయోడ్లని ఉంటాయి. వోల్టేజి హద్దు దాటితే అవి షార్టయి, వెనకున్న చిప్పుల్ని కాపాడతాయి. ఆయన భూతద్దం పెట్టి చూసి, కాలిన డయోడు ఒకటి పీకి, డిస్కు తిప్పి చూపించాడు. "తమ్మీ, ప్లగ్గు పట్టుడు వేరే, కరెంటు కుదురుడు వేరే" అన్నాడు. ఆరేళ్ళుగా కోడ్ రాస్తున్న నాకు ఇంటర్‌ఫేస్ గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. రక్షణ పోయిన డిస్కు కాబట్టి వెంటనే మొత్తం కాపీ చేసి దాన్ని పక్కన పెట్టేశాను. ఎస్సెస్డీ మాత్రం బతకలేదు. అదృష్టంకొద్దీ అందులో ఇంకా ఏమీ లేదు.

తప్పు నాదే, కాదనను. కానీ తప్పు కేబుల్ పట్టకుండా సాకెట్టుకి ఒక గాడి మార్చడం, కనీసం కేబుల్ మీద మోడల్ పేరు ముద్రించడం ఎంత ఖర్చని? కంపెనీలన్నీ కలిసి ఒక పద్ధతికి వచ్చేదాకా ఆ పని మనమే చెయ్యాలి. నేను ఆ రాత్రే అటక మీది డబ్బా దింపి, ప్రతి కేబుల్‌కీ కాగితం చుట్టి, ఏ పవర్ సప్లైదో రాసి టేపు వేశాను. ఏదో తెలియనివన్నీ చెత్తబుట్టలోకి వెళ్ళాయి. పారేస్తున్నంతసేపూ స్పీకర్లో నాయనమ్మ కథ నడుస్తోంది. మధ్యలో ఆగి "వింటున్నావా?" అని అడుగుతుంది ఆవిడ.

వింటున్నానే, నాయనమ్మా. ఇప్పుడు మూడుచోట్ల కాపీ ఉంది.

మరి మీ అటక మీది డబ్బాలో ఏమున్నాయి?