పిల్ల తెల్లగా ఉందా?

పోయిన నెల హాస్టల్ మెస్సులో మన క్లాసమ్మాయి ఒకామె నా పక్కన కూర్చుని, "మీది రాజపాళయమే కదే, ఈసారి ఊరెళ్ళినప్పుడు నాకో కుక్కపిల్లను పట్టుకురా. బుట్టలో పెట్టుకుని పొదిగై ఎక్కావంటే తెల్లారేసరికి ఎగ్మూరులో ఉంటావు" అంది. ఎలాంటి పిల్ల కావాలని అడిగాను. "తెల్లగా ఉండాలి. ఒంటి మీద ఒక్క మచ్చ కూడా ఉండకూడదు. ముక్కు గులాబీ రంగులో ఉండాలి" అంది. ఇంకేం చెప్పలేదు.

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే అంతకు ముందు వారమే ఆ అమ్మాయి మా గదికి వచ్చి ఉడికిపోయింది. వాళ్ళ అక్కను చూడటానికి వస్తామన్నవాళ్ళు ఫోనులో మొట్టమొదట అడిగిన మాట, "పిల్ల తెల్లగా ఉంటుందా?" అని. చదువేమిటో, గుణమేమిటో ఎవరూ అడగలేదట. ఆ రోజు గదిలో అందరం కలిసి ఆ సంబంధాన్ని తిట్టాం. వారం తిరక్కుండా అదే ప్రశ్న మన నోటి నుంచి వచ్చింది, కుక్కపిల్ల గురించి. కుక్కపిల్ల విషయంలో ఆ ప్రశ్న వల్ల జరిగే నష్టం నేను కళ్ళారా చూశాను. అందుకే ఈసారి గోడపత్రికకు కవిత ఇవ్వకుండా ఇది రాస్తున్నాను.

ముందు మా ఊరి కుక్క గురించి నాలుగు మాటలు. రాజపాళయం విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల అడుగున ఉంది. మా ఇళ్ళల్లో తరతరాలుగా తెలుగే, గడప దాటితే తమిళం. ఊరి పేరే కుక్కకూ పేరయింది. పొడుగు కాళ్ళు, సన్నటి నడుము, లోతైన రొమ్ము, దగ్గరగా కత్తిరించినట్టుండే వెంట్రుకలు. దూరాన కదిలే జంతువును కంటితో పసిగట్టి, పరుగెత్తి పట్టే వేట జాతి అది. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీ కుక్కల బొమ్మలతో స్టాంపులు వేసింది. హిమాలయన్ షీప్‌డాగ్, రాంపూర్ హౌండ్, ముధోల్ హౌండ్ పక్కన నాలుగోది మాది. 2020 ఆగస్టులో ప్రధాని 'మన్ కీ బాత్' ప్రసంగంలో దేశీ జాతుల్ని పెంచుకోమంటూ రాజపాళయం, కన్ని, చిప్పిపారై, కొంబై పేర్లు చెప్పారు. ఆ తర్వాత మా మామ ఫోను మోగుతూనే ఉంది. ఫోను చేసిన వాళ్ళందరిదీ ఒకటే మాట: పాలలా తెల్లగా ఉండాలి.

మా జాతిలో మచ్చలవీ, గోధుమ రంగువీ, నల్లవీ కూడా పుడతాయి. కానీ అమ్ముడుపోయేది తెల్లదే. అందుకని తెల్లదాన్ని తెల్లదానితోనే జతకట్టిస్తారు. మంచి తెల్ల మగకుక్క ఒకటి దొరికితే వీధిలోని ఆడకుక్కలన్నిటికీ అదే మొగుడు. కొన్నేళ్ళకు దాని కూతుళ్ళకూ అదే. "రక్తం పాడవకూడదు" అంటారు. రక్తం పాడయ్యేది అక్కడేనని మాత్రం ఎవరూ అనరు. తండ్రిని కూతురితో, అన్నను చెల్లెలితో కలుపుతూ పోతే దాగి ఉన్న లోపాలన్నీ పైకి వస్తాయి. పిల్లలు తక్కువ పుడతాయి, పుట్టినవి బలహీనంగా ఉంటాయి.

తెలుపుతో వచ్చే చిక్కు ఇంకొకటుంది. ఒంటికి రంగునిచ్చే కణాలే లోపలి చెవిలో కూడా ఉంటాయి. చెవి పనిచేయడానికి అవి అవసరం. ఒళ్ళంతా తెల్లబడేలా పెంచుతూ పోతే కొన్ని పిల్లలకు చెవిలో ఆ కణాలు ఉండవు. పుట్టిన మూడు నుంచి ఐదు వారాల లోపు లోపలి చెవి పాడైపోతుంది. మచ్చల డాల్మేషియన్ కుక్కల్లోనూ ఇదే జబ్బు. దీనికి మందు లేదు.

ఇప్పుడు మామ ఇంట్లో జరిగింది చెప్తాను. నేను ప్లస్ టూ చదువుతున్నప్పుడు వాళ్ళ కుక్క ఒక ఈతలో ఆరు పిల్లల్ని పెట్టింది. అందులో ఒకటి అచ్చం పాలమీగడ. ఒకరోజు అత్త చేతిలోంచి స్టీలు పళ్ళెం జారి గచ్చు మీద పడింది. ఐదు పిల్లలు ఎగిరిపడి తల్లి కిందకు దూరాయి. ఆ తెల్లది నిద్రలోంచి కదల్లేదు. నేను మామ వైపు చూశాను. మామ నా వైపు చూశాడు. ఎవరమూ ఏమీ అనలేదు. రెండు వారాలకు కోయంబత్తూరు నుంచి కారులో ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళు ఎంచుకున్నది దాన్నే. "బాగా చురుకేనా?" అని అడిగితే మామ "ఇంట్లో అన్నిటికన్నా నెమ్మదైంది" అన్నాడు. పిల్లను తువ్వాలులో చుట్టి కారు దాకా తీసుకెళ్ళి ఇచ్చింది నేనే. నాలుగు నెలలకు వాళ్ళు ఫోను చేశారు. వాకిట్లో కారు వెనక్కి తీస్తుంటే హారన్ కొట్టినా జరగలేదట. వాళ్ళ చిన్నబ్బాయి ఇంకా ఏడుస్తున్నాడని చెప్పారు. వాళ్ళు మమ్మల్ని తిట్టలేదు, వాళ్ళకు తెలియదు కాబట్టి. నాకు తెలుసు. కారు దగ్గర నేను ఒక్క మాట అని ఉంటే ఆ పిల్లను ఇక్కడే ఉంచుకునేవాళ్ళమేమో, లేదా వాళ్ళే తెలిసి తీసుకెళ్ళి జాగ్రత్తగా పెంచేవాళ్ళేమో. చెవిటి కుక్కను చేతి సైగలతో పెంచొచ్చు, తాడు లేకుండా వదలకూడదంతే. కానీ పెంచేవాళ్ళకు ఆ సంగతి తెలిసి ఉండాలి.

తర్వాత మామతో దెబ్బలాడాను. మామ చెడ్డవాడు కాదు. "మచ్చల పిల్లను సగం ధరకు కూడా అడగరమ్మా. మీ మద్రాసువాళ్ళు అడిగిందే కదా నేను పెంచేది?" అన్నాడు. మామ చేసింది తప్పే. అయినా ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. కొనేవాళ్ళ ప్రశ్న మారితే గాని అమ్మేవాళ్ళ పెంపకం మారదు. అందుకే మన ప్రశ్నలు మార్చుకుందాం అంటున్నాను. నాకు తెలిసినంతలో అడగాల్సినవి ఇవి.

మొదటిది, తల్లి ఏది? "తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను" అనే సామెత మనుషుల మీద వాడితే మనకు ఒళ్ళు మండుతుంది గాని, కుక్కల విషయంలో అది నూటికి నూరు పాళ్ళు నిజం. తల్లి ఎముకల గూడులా ఉందా, మనిషి దగ్గరికి వస్తే వణుకుతుందా, కరవడానికి వస్తుందా చూడండి. తల్లి భయం పిల్లలకు వస్తుంది. తల్లిని చూపించనన్న చోట పిల్లను కొనొద్దు. తండ్రి ఏదో, తల్లికి అది ఏమవుతుందో కూడా మొహమాటపడకుండా అడగండి.

రెండోది, పిల్లకు ఎన్ని వారాలు? 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. 18 నెలలు నిండని ఆడకుక్కను కట్టించకూడదు. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. 8 వారాలు ఎందుకంటే, ఎంత గట్టిగా కొరికితే తోడబుట్టినవి కీచుమంటాయో పిల్ల నేర్చుకునేది అప్పుడే. నెల పిల్లను తెచ్చుకుని తర్వాత "మా కుక్క ఊరికే కొరుకుతుంది" అంటే లాభం లేదు.

మూడోది, వింటుందా? పిల్లల చెవులు తెరుచుకోవడానికే రెండు వారాలు పైన పడుతుంది. కాబట్టి ఐదారు వారాలు దాటాక చూడాలి. మిగతా పిల్లల మధ్య చూడొద్దు, పక్కది తిరిగితే ఇదీ తిరుగుతుంది. విడిగా తీసుకెళ్ళి, అది వేరే వైపు చూస్తున్నప్పుడు వెనక నుంచి తాళాలు ఆడించండి. నేలను తన్నొద్దు, అదురు కాళ్ళకు తెలుస్తుంది. మొహానికి దగ్గరగా చప్పట్లు కొట్టొద్దు, గాలి తగులుతుంది. రెండు మూడు సార్లు చేసి చూడండి. ఒక్క చెవే పోయిన పిల్ల ఈ పరీక్షలో దొరకదు, అది యంత్రంతో చేసే పరీక్షలోనే బయటపడుతుంది. కానీ రెండు చెవులూ పోయిన పిల్లను ఎవరికీ తెలియకుండా అంటగట్టడం మాత్రం ఆగుతుంది.

నాలుగోది మనల్ని మనం అడుక్కోవాలి: దీనికి పరుగెత్తే చోటుందా? మా కుక్క ఫ్లాటు బాల్కనీకి పుట్టింది కాదు. ఒక్క మనిషికి అలవాటు పడితే కొత్తవాళ్ళను రానివ్వదు. పొద్దున, సాయంత్రం పరుగు లేకపోతే సోఫా చింపుతుంది. తర్వాత దాన్ని 'పొగరుబోతు' అంటారు. స్థలం లేనివాళ్ళకు మన వీధుల్లో పుట్టే పిల్లలున్నాయి. మన ఎండకు, మన తిండికి అలవాటైన ఒళ్ళు వాటిది, కొనాల్సిన పనే లేదు.

ఇక పెంపకం. ఈమధ్య 'నేచురల్ కేర్' అనే మాట అందరి నోటా వింటున్నాను. మా అవ్వ ఆ మాట ఎరక్కుండానే అది చేసేది. కుక్కకు రాగి సంకటి, మజ్జిగ, గుడ్డు, ఆదివారం ఎముకలేని మాంసం. నీళ్ళ తొట్టి ఎప్పుడూ నీడలో. మధ్యాహ్నం రోడ్డు మీద నడిపించకూడదు, మన చెయ్యి ఆనించలేని తారు మీద దాని పాదం కూడా ఆనదు అనేది. సాయంత్రం ఒళ్ళో పడుకోబెట్టుకుని చెవుల వెనకా, వేళ్ళ సందుల్లోనూ గోమార్లు ఏరేది. వేట జాతికి రెండు మూడు పక్కటెముకలు కనిపించడమే ఆరోగ్యం, ఊరికే మేపకండి అనేది. ఇవన్నీ నేను ఇప్పటికీ పాటిస్తాను.

కానీ అదే అవ్వ నులిపురుగులకు వెల్లుల్లి పెట్టేది. వెల్లుల్లీ ఉల్లిపాయా కుక్క నెత్తుటిలోని ఎర్రకణాలను పగలగొడతాయి. కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్ కూడా విషమే. గోమార్లకు కిరసనాయిలు రాసేవాళ్ళను చూశాను, అది చర్మాన్ని కాలుస్తుంది, నాకితే కడుపులోకి పోతుంది. ఉడికిన ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది.

మా ఇంటి మణికి మూడు నెలలప్పుడు వాంతులు, నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి. అవ్వ పసుపు మజ్జిగ పట్టింది, వేపాకు నూరి పోసింది. మూడో రోజు పశువుల డాక్టరు దగ్గరికి మోసుకెళ్తే పార్వో అన్నారు. టీకా వేయించారా అని అడిగారు. వేయించలేదు. ఆ రాత్రే పోయింది. అవ్వ ప్రేమలో లోటేమీ లేదు, లేనిదల్లా ఒక సూది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, నాలుగో నెల దాకా. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు మళ్ళీ. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషినైనా కుక్కనైనా బతికించడం దాదాపు అసాధ్యం. ఇంటి కుక్క గీరినా సరే, సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి ఆసుపత్రికి పరుగెత్తండి. వేపాకుతో ఆగే జబ్బు కాదది. తిండిలో, నడకలో, నీడలో సహజంగా ఉందాం. టీకా దగ్గర మాత్రం డాక్టరు మాటే విందాం.

కుక్కలు నాకు ఇంత తెలిసి కూడా కారు దగ్గర నోరు విప్పలేకపోయాను. ఇంటి పరువు, మామ మొహం అడ్డొచ్చాయి. ఇప్పుడు ఇలా అందరి ముందూ గోడ మీద రాస్తే ఇంట్లో ఏమంటారో తెలియదు. పొంగలికి వెళ్ళినప్పుడు మామకు చదివి వినిపిస్తాను.

మెస్సులో అడిగిన అమ్మాయికి జవాబు ఇది. మామ ఇంట్లో ఇప్పుడు తొమ్మిది వారాల పిల్లలున్నాయి. తెల్లవి మూడూ అమ్ముడుపోయాయి. ఎడమ చెవి మీద గోధుమ రంగు మచ్చ ఉన్న ఆడపిల్ల ఒకటి మిగిలింది. పోయిన వారం నేను వెళ్ళినప్పుడు దాని వెనక తాళాలు మూడుసార్లు ఆడించాను. మూడుసార్లూ తిరిగి చూసింది. మొదటి టీకా పడింది. మీ ఇంట్లో పెరడు ఉందన్నావు కదా. తెల్లగా ఉంటుందా అని అడగనంటే, తీసుకొస్తాను.

— రెండో సంవత్సరం విద్యార్థిని, రాజపాళయం