ముందే లెక్క కట్టాలి

2025 ఏప్రిల్ 12, శనివారం నాడు దేశమంతటా యు.పి.ఐ. చెల్లింపులు గంటల తరబడి కుంటుపడ్డాయి. చేతిలో నగదు ఉంచుకునే అలవాటు తప్పిపోయిన కోట్లాది మంది, సరుకు తీసుకున్నాక డబ్బు చెల్లించలేక ఇబ్బంది పడవలసి వచ్చింది. అంతకు ముందు మార్చి 26న, ఏప్రిల్ తొలి వారంలోనూ ఇదే అనుభవం ఎదురైంది. ఏప్రిల్ 12 నాటి వైఫల్యానికి కారణం బయటి నుంచి జరిగిన దాడి కాదు. ‘ఫలానా చెల్లింపు ఏమైంది?’ అనే ప్రశ్నను కొన్ని బ్యాంకుల కంప్యూటర్లు పదే పదే అడుగుతూ పోవడమే కారణమని జాతీయ చెల్లింపుల కార్పొరేషన్ (ఎన్.పి.సి.ఐ.) విచారణలో తేలింది. పాత లావాదేవీల గురించి సైతం ఈ ప్రశ్నలు వచ్చిపడ్డాయి. ఆ వరదలో అసలు చెల్లింపులు మునిగిపోయాయి.

తదనంతరం కార్పొరేషన్ కట్టుబాట్లు బిగించింది. లావాదేవీ మొదలైన 90 సెకన్ల తర్వాతే దాని స్థితిని అడగాలని, రెండు గంటల్లో మూడు సార్లకు మించి అడగరాదని ఏప్రిల్‌లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ఒక్కో యాప్‌లో రోజుకు 50 సార్లకు మించి ఖాతా నిల్వ చూసుకోరాదన్న పరిమితి ఆగస్టు నుంచి అమలులోకి వచ్చింది. ఇవన్నీ అవసరమైన చర్యలే. కాని దెబ్బ తగిలిన తర్వాత వచ్చిన చర్యలు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే ఈ పద్ధతి ఎంతకాలం సాగగలదన్నదే ఆలోచించవలసిన విషయం.

2016లో 21 బ్యాంకులతో ఆరంభమైన యు.పి.ఐ. ద్వారా 2025 ఆగస్టు ఒక్క నెలలోనే 2,000 కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి. సగటున సెకనుకు ఏడు వేలకు పైమాటే. ఒక్కో చెల్లింపు డబ్బు ఇచ్చేవారి యాప్, దాని వెనుక ఉన్న బ్యాంకు, కార్పొరేషన్ స్విచ్, ఖాతా ఉన్న బ్యాంకు, పుచ్చుకునేవారి బ్యాంకు - ఇన్ని చేతులు మారుతుంది. ఇవి వేర్వేరు యాజమాన్యాల కింద, వేర్వేరు నగరాలలో నడిచే కంప్యూటర్లు. ఈ సమూహం మొత్తం ఏ క్షణంలో ఎలా ప్రవర్తిస్తుందో ఏ ఒక్క ఇంజనీరూ మనసులో ఊహించగల స్థితి ఎప్పుడో దాటిపోయింది.

ఇటువంటి వ్యవస్థల నిర్వహణకు నిపుణులు సూచిస్తున్న మార్గం నమూనా. ఇక్కడ నమూనా అంటే బొమ్మ కాదు. వ్యవస్థలోని భాగాలు, వాటి సామర్థ్యం, ఒకదానిపై మరొకటి ఆధారపడే తీరు - వీటన్నింటినీ గణిత రూపంలో పొందుపరచిన ప్రతిరూపం. ఏదైనా మార్పు చేసే ముందు దాని ఫలితం ఎలా ఉంటుందో ఈ ప్రతిరూపంపై ప్రయోగించి చూడవచ్చు. నడుస్తున్న వ్యవస్థ నుంచి అందే కొలతలను దీనితో పోల్చి, ప్రమాదాన్ని ముందుగానే పసిగట్టవచ్చు.

ఈ ఆలోచన కొత్తది కాదు. కోపెన్‌హాగన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు 1909లోనే టెలిఫోను కాల్స్ రద్దీని గణిత సూత్రాలకు లోబరచాడు. ఆయన వేసిన పునాదిపై పెరిగిన శాస్త్రం చెప్పే ఒక సత్యం నేటి పాలకులందరూ గుర్తుంచుకోదగినది. ఎప్పుడు వస్తాయో తెలియని పనులను ఒక్క యంత్రమే చేస్తున్నదనుకుందాం. దాని సామర్థ్యంలో సగం వినియోగంలో ఉన్నప్పుడు, ఒక పనికి ఎంత సమయం పడుతుందో సగటున అంత సమయం క్యూలో నిలబడితే చాలు. వినియోగం 90 శాతానికి చేరితే నిరీక్షణ తొమ్మిది రెట్లు, 95 శాతానికి చేరితే 19 రెట్లు అవుతుంది. చివరి అయిదు శాతమే కొంప ముంచుతుంది. పైగా జవాబు ఆలస్యమైతే కంప్యూటర్లు ఊరుకోవు, మళ్ళీ అడుగుతాయి. మూడు అంచెలలో ఒక్కో అంచె మూడేసి సార్లు అడిగితే ఒక్క ప్రశ్న 27 ప్రశ్నలవుతుంది. ఆలస్యం ప్రశ్నలను పెంచుతుంది, ప్రశ్నలు ఆలస్యాన్ని పెంచుతాయి. ఏప్రిల్ 12న దేశం చూసినది ఈ విషవలయాన్నే.

విద్యుత్ రంగం ఇటువంటి అనుభవాన్ని ఇంతకు పూర్వమే చవిచూసింది. 2012 జూలై 30న ఉత్తర గ్రిడ్, మర్నాడు దానితోపాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి 60 కోట్లకు పైగా జనాభా గల ప్రాంతం అంధకారంలో మునిగింది. బీనా-గ్వాలియర్ మధ్య లైనులో లోపమేమీ లేదు. మితిమీరిన బరువును రక్షణ పరికరం లోపంగా భావించి లైనును తెంచడంతో పతనం మొదలైంది. దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో పూర్తిగా అనుసంధానం కానందున తెలుగువారికి ఆ చీకటి తప్పింది. ఒక లైను తెగితే మిగిలినవి ఆ బరువు మోయగలవా అని నమూనాపై లెక్క చూసుకున్నాకే గ్రిడ్‌ను నడపాలన్నది విద్యుత్ ఇంజనీర్ల చిరకాల నియమం. అయినా వాడకం తగ్గించాలన్న ప్రాంతీయ కేంద్రాల ఆదేశాలకు రాష్ట్రాల కేంద్రాలు సరిగా స్పందించలేదని విచారణ సంఘం తేల్చింది. నమూనా ఉండటం ఒక ఎత్తు, అది చెప్పినది పాటించడం మరో ఎత్తు అని ఆ ఘటన రుజువు చేసింది.

కంప్యూటర్ల రంగంలో 2001లో ఐ.బి.ఎం. సంస్థ ఒక ప్రతిపాదన చేసింది. శరీరం తన ఉష్ణోగ్రతను తానే అదుపు చేసుకున్నట్లు, కంప్యూటర్ వ్యవస్థలు తమ నిర్వహణను తామే చూసుకోవాలన్నది దాని సారాంశం. గమనించడం, విశ్లేషించడం, నిర్ణయించడం, అమలు చేయడం - ఈ నాలుగింటికీ కేంద్రంగా వ్యవస్థను గురించిన జ్ఞానం, అనగా నమూనా, ఉండాలని ఆ తర్వాత రూపుదిద్దుకున్న పద్ధతి చెబుతుంది. అమెజాన్ ఇంజనీర్లు 2011 నుంచి తమ వ్యవస్థల రూపకల్పనను ఒక గణిత భాషలో రాసి పరీక్షిస్తున్నారు. డైనమో డి.బి. అనే వారి సమాచార నిధిలో ఒక లోపం 35 ఘటనలు నిర్దిష్ట క్రమంలో జరిగితే తప్ప బయటపడదని ఆ పరీక్షలో తేలినట్లు 2015లో వారే ప్రకటించారు. మానవ మేధకు అందని లోపమది.

అయితే నమూనా సర్వరోగ నివారిణి కాదు. అదే డైనమో డి.బి. 2025 అక్టోబరు 20న అమెరికాలోని వర్జీనియా కేంద్రంలో స్తంభించి, ప్రపంచవ్యాప్తంగా ఎన్నో సేవలను దెబ్బ తీసింది. నెట్‌వర్క్ చిరునామాలను మార్చే స్వయంచాలక యంత్రాంగంలో ఆలస్యంగా కదిలిన ఒక విభాగం, కొత్త జాబితా స్థానంలో పాత జాబితాను ఉంచింది. పాతవాటిని తొలగించే మరో విభాగం దాన్ని చెరిపివేసింది. చివరికి చిరునామాయే మిగలలేదు. నిర్వహించబడే వ్యవస్థకు మాత్రమే కాదు, దాన్ని నిర్వహించే యంత్రాంగానికి కూడా నమూనా అవసరమన్నదే ఇందులోని పాఠం. వాస్తవంతో ఎప్పటికప్పుడు సరిచూడని నమూనా మనకు లేనిపోని ధీమాను మాత్రమే ఇస్తుంది.

ఈ దృష్టితో చూసినప్పుడు మన విధానాలలోని లోటు స్పష్టమవుతుంది. చిన్న వర్తకులకు జరిగే తక్కువ మొత్తాల చెల్లింపుల ప్రోత్సాహానికి కేంద్ర మంత్రివర్గం 2025 మార్చిలో 1,500 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అందులో ఒక భాగం పొందాలంటే బ్యాంకు వ్యవస్థ 99.5 శాతానికి మించి పనిచేయాలని షరతు పెట్టింది. షరతు మంచిదే. కాని 99.5 శాతమంటే నెలకు మూడున్నర గంటల స్తంభన. ఒక చెల్లింపు నాలుగు అంచెలు దాటాలి, ఒక్కొక్కటి 99.5 శాతం పనిచేస్తుంది, ఒకరి వైఫల్యానికి మరొకరితో సంబంధం లేదు అనుకున్నా, మొత్తం మీద 98 శాతమే మిగులుతుంది. అంటే ప్రతి యాభైలో ఒకటి విఫలం. ప్రతి బ్యాంకూ పరీక్షలో ఉత్తీర్ణత సాధిస్తుంది. చెల్లింపు మాత్రం జరగదు. విడివిడిగా కొలిచినంత కాలం ఈ దుస్థితి అంకెలకు అందదు.

2007 నాటి చెల్లింపుల చట్టం కింద ఈ వ్యవస్థపై పర్యవేక్షణాధికారం రిజర్వు బ్యాంకుది. పదే పదే అంతరాయాలు కలిగించినందుకు 2020 డిసెంబరులో హెచ్.డి.ఎఫ్.సి. బ్యాంకు కొత్త డిజిటల్ సేవలను నిలిపివేయించిన చరిత్ర కూడా దానికి ఉంది. శిక్షించే అధికారాన్ని నివారణకు మళ్ళించడమే నేటి అవసరం. కార్పొరేషన్, పెద్ద బ్యాంకులు, యాప్ సంస్థలు కలిసి మొత్తం వ్యవస్థకు ఉమ్మడి నమూనాను నిర్వహించాలని, బ్యాంకులు తమ సాఫ్ట్‌వేర్‌లో చేసే ప్రతి ముఖ్యమైన మార్పునూ ముందుగా దానిపై పరీక్షించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించాలి. ఆర్థిక సంవత్సరాంతం వంటి రద్దీ రోజులను ఊహించి జరిపే పరీక్షల ఫలితాలను, ప్రతి అంతరాయం వెనుక కారణాలను గడువులోగా ప్రజలకు వెల్లడించాలి. పోటీదారుల మధ్య వ్యాపార రహస్యాలన్న అభ్యంతరం రావచ్చు. సామర్థ్యం, జాప్యం, మళ్ళీ అడిగే నియమాలు - నమూనాకు కావలసినవి ఇవే. ఖాతాదారుల వివరాలు కావు.

ఈ పనికి తగిన సంస్థ మన ముంగిటే ఉంది. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాద్‌లో నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతికాభివృద్ధి, పరిశోధన సంస్థ 2004లో దేశంలోని ఎ.టి.ఎం.లను కలిపే జాతీయ స్విచ్‌ను ప్రారంభించి, 2009లో కార్పొరేషన్‌కు అప్పగించింది. స్విచ్‌ను స్వయంగా నడిపిన అనుభవం ఉంది, నేడు దానితో వాణిజ్య సంబంధం లేదు. ఉమ్మడి నమూనాకు నిష్పాక్షిక సంరక్షకునిగా ఉండగల అర్హతలు ఇంతకంటె ఏమి కావాలి?

భూటాన్, నేపాల్, శ్రీలంకలలో సైతం మన యు.పి.ఐ. చెల్లుబాటవుతున్నది. గొలుసులో కొత్త కొలికి చేరిన కొద్దీ ఊహించని వైఫల్యాలకు అవకాశం పెరుగుతుంది. ఒక పూట చెల్లింపులు ఆగితే పెద్ద సంస్థ మర్నాటి లెక్కల్లో సర్దుకుంటుంది; ఆ పూట అమ్ముడుకాని కూరగాయలు మర్నాటికి వాడిపోతాయి. ఆ నష్టానికి పరిహారం ఇచ్చేవారెవరూ లేరు. నగదును వదులుకోమని ప్రజలను ప్రోత్సహించిన ప్రభుత్వం, వారు నమ్ముకున్న వ్యవస్థ ఎంత బరువు మోయగలదో అది కూలకముందే లెక్క కట్టించాలి.