ఎముక ఒక్కటే, రేట్లు మూడా?

చెయ్యి విరిగి పట్నం ఆసుపత్రికి పోయిన కూలిమనిషిని కౌంటర్లో మొదట అడిగే మాటేమిటి? నొప్పి ఎక్కడని అడుగుతారనుకుంటే పొరపాటు. ‘కార్డా, ఇన్సూరెన్సా, క్యాషా?’ అని అడుగుతారు. ఆ జవాబును బట్టి ఎక్స్‌రే ధర పుడుతుంది. మిషను అదే, ఫోటో తీసే మనిషి అదే, కరెంటు అదే. ఆఫీసరు ఎముకైనా పాలేరు ఎముకైనా ఫిల్ము మీద తెల్లగానే పడుతుంది. 1895లో ఎక్స్‌రేను కనిపెట్టిన రాంట్‌జన్ దాని మీద పేటెంటు కూడా తీసుకోలేదు. మరి ఈ మూడు రేట్లు ఎవడు కనిపెట్టినట్టు?

ఆరోగ్యశ్రీ కేసయితే సర్కారు జబ్బుకింత అని ప్యాకేజీ కడుతుంది. ఎక్స్‌రే అందులోనే కలిసిపోతుంది. ఇన్సూరెన్స్ కంపెనీ తన వెనక ఉన్న వేలమందిని చూపించి ముందే బేరమాడి ఒప్పందం రాయించుకుంటుంది. క్యాష్ మనిషి వెనక ఎవరున్నారు? మహా ఉంటే తోడొచ్చిన బామ్మర్ది. విరిగిన చెయ్యి పట్టుకుని బేరమెట్లా ఆడతాడు? కౌంటర్లో చెప్పిందే రేటు. పేషెంటును పంపిన ఆర్‌ఎంపీకి కమీషన్ ముట్టే చోట అదీ ఆ రేటులోంచే పోతుంది. బీమా ఉన్నోళ్ళు సుఖపడుతున్నారా అంటే అదీ లేదు. బీమా ఉందని తెలియగానే బిల్లు లావెక్కించే ఆసుపత్రులున్నాయి. ఆ లావు మళ్ళీ ప్రీమియంలోకే వస్తుంది.

ఇక కార్డు సంగతి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. మంచం పట్టించే పెద్ద జబ్బులకు, ఆపరేషన్లకు పెట్టిన పథకం అది. చేనుగట్టు మీద జారిపడి మణికట్టు చిట్లితే, చేర్చుకోకుండా కట్టుకట్టి పంపితే, కార్డు చొక్కా జేబులోనే ఉంటుంది, డబ్బు మాత్రం మొలలోంచి పోతుంది. సరే. కానీ కార్డు మీద చేర్చుకున్నాక కూడా ‘టెస్టులు కార్డులో రావు’ అంటున్నారే, అది పచ్చి అబద్ధం! డిశ్చార్జి దాకా పరీక్షలు, ఆ తర్వాత పది రోజుల మందులు కూడా ప్యాకేజీలోవే. ఎక్స్‌రేకు సర్కారు దగ్గర ఒకసారి, మన దగ్గర ఒకసారి వసూలు చేస్తున్నారన్న మాట. అందుకే రసీదు అడిగితే తెల్లకాగితం మీద అంకె గీకి ఇస్తారు. ఆ కాగితం తీసుకోవద్దు. ఆరోగ్యమిత్రను నిలబెట్టి అడగండి, 104కు ఫోన్ చేయండి.

డబ్బే దేవుడనుకునే అమెరికాలో కూడా ఈ రేట్ల దాపరికం చెల్లలేదు. 2021 జనవరి 1 నుంచి అక్కడ ప్రతి ఆసుపత్రీ క్యాష్ రేటెంత, ఏ ఇన్సూరెన్స్ కంపెనీతో ఎంతకు ఒప్పుకుందీ బయటపెట్టాలని రూలొచ్చింది. బయటపెడితే ఏం తేలింది? చాలాచోట్ల బీమా రేటు కన్నా క్యాష్ రేటే తక్కువ! నెలనెలా ప్రీమియం కట్టినోడే ఎక్కువ కడుతున్నాడు. దాచిన ఆసుపత్రులకు జరిమానాలూ పడ్డాయి.

మన దగ్గర చట్టం లేదా? ఉంది. 2010 క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012లో వచ్చిన రూల్సులో, ప్రతి సేవకూ రేటెంతో స్థానిక భాషలోనూ ఇంగ్లీషులోనూ అందరికీ కనబడేట్టు బోర్డు పెట్టాలని ఉంది. తెలంగాణ ఆ చట్టాన్ని స్వీకరించింది. ఆంధ్రకు 2002 నాటి సొంత చట్టముంది. రేట్లకు హద్దులు కేంద్రం నిర్ణయించాలని కూడా ఆ రూల్సులోనే ఉంది. పన్నెండేళ్ళయినా ఆ పని ఎందుకు చేయలేదని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని నిలదీసింది. తన ఉద్యోగుల వైద్యానికి మాత్రం కేంద్రం ఏనాడో రేట్లు కట్టింది! ఆఫీసరు ఎముకకు రేటు తెలిసిన సర్కారుకు కూలివాడి ఎముకకు తెలియదా?

నాలుగో రేటు ఒకటుంది, సున్నా. అది సర్కారు దవాఖానాలో ఉండాలి. కానీ అక్కడ మిషనుంటే మనిషుండడు, మనిషుంటే ఫిల్ముండదు. ఆ గది తాళం తీస్తే పక్కవీధి కౌంటర్లో రేటు దానంతటదే దిగుతుంది. తాళం ఎవరి కోసం వేశారో వేరే చెప్పాలా?

సంఘాల వాళ్ళు ఈ పక్షంలో ఊరూరా ఎక్స్‌రే రసీదులు పోగుచేయాలి. ఏ ఆసుపత్రి, ఏ తారీకు, ఏ ఎముక, కార్డా బీమా క్యాషా, ఎంత కట్టారు, రసీదిచ్చారా లేదా, అన్నీ ఒకే కాగితం మీద రాయండి. దాన్ని జిల్లా వైద్యాధికారి టేబుల్ మీద పెట్టి, మూడు రేట్లూ తెలుగులో రాసిన బోర్డు ఏ తేదీకల్లా పెట్టిస్తారో రాతపూర్వకంగా అడగండి.