జొన్నలో జ, జీలకర్రలో జ

మనలో చాలామందికి ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, రాయడమూ అంతో ఇంతో వచ్చు. పిల్లల స్కూల్లో టీచరు ఎదుట నోరు విప్పాలంటేనే జంకు. పలికేది తప్పేమో, పక్కవాళ్ళు నవ్వుతారేమో అని, లెక్కల్లో మార్కులెందుకు తగ్గాయో అడక్కుండానే తిరిగొచ్చేస్తాం. దొరసానిలా మాట్లాడక్కర్లేదండీ, ఎదుటివాళ్ళకి అర్థమైతే చాలు. అందుకు కొన్నిచోట్ల నాలుకని సరిచేసుకోవాలి, అంతే.

మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్‌ని బస్సు, పెన్‌ని పెన్ను చేసుకున్నాం. తెలుగులో అలాగే అనండి, తప్పేమీ లేదు. ఇంగ్లీషులో మాత్రం చివరి ‘ఉ’ మింగెయ్యాలి. ‘ఎక్కడ’ని ‘యెక్కడ’ అనే అలవాటు కొద్దీ ఎగ్ కాస్తా యెగ్, ఓన్లీ కాస్తా వోన్లీ అయిపోతుంటాయి. అది కూడా చూసుకోండి.

ఇక అసలు చిక్కు జ. జూ, జిప్, జీరో అనేటప్పుడు వచ్చేది జీలకర్రలో జ కాదు. జొన్న, జున్ను అంటాం చూడండి, ఆ జ దానికి దగ్గర. ఇంకా బాగా రావాలంటే పాములా ‘స్స్’ అని బుసకొడుతూ గొంతు కలపండి. మెడ మీద వేళ్ళు పెట్టుకుంటే తుమ్మెద రొదలా తెలుస్తుంది. (మావారు పేపరు దించి మరీ చూశారు. చూడనివ్వండి!)

మనకి ‘వ’ ఒక్కటే, వాళ్ళకి రెండు. ‘వెరీ’కి పైపళ్ళు కింది పెదవికి ఆనాలి. ‘వాటర్’కి పళ్ళ జోలికి పోకుండా, పొయ్యి ఊదినట్టు పెదవులు గుండ్రంగా చుట్టాలి. కాఫీలో ‘ఫ’కి కూడా పళ్ళు ఆనించాల్సిందే.

మనం ప్రతి అక్షరాన్నీ సమానంగా పలుకుతాం. వాళ్ళు ఒకదాన్ని ఒత్తి, మిగతావి తేలిగ్గా వదిలేస్తారు. అందుకే వెజిటేబుల్ కాదు, ‘వెజ్‌టబుల్’. స్పెల్లింగుని నమ్మితే మోసమే. కప్‌బోర్డ్ ‘కబర్డ్’ అవుతుంది, రిసీట్‌లో ‘పి’ రాతకే గానీ నోటికి కాదు.

ఇప్పుడు ఫోన్లోనే డిక్షనరీ ఉంది. స్పీకరు బొమ్మ నొక్కితే మాట పలికి వినిపిస్తుంది. రోజుకి ఐదు మాటలు విని, మీ గొంతు రికార్డు చేసుకుని పోల్చి చూడండి. వెక్కిరించే పిల్లలుంటే ‘గోళ్ళు, కళ్ళు’ స్పష్టంగా అనమనండి, వాళ్ళ నాలుక సంగతీ తెలుస్తుంది! వచ్చే మీటింగులో అడగాల్సిన రెండు ప్రశ్నలూ కాగితం మీద రాసుకుని, కుక్కరు విజిల్ వేసేలోగా నాలుగుసార్లు పైకే అనుకోండి.