గ్యాసు కొట్టిస్తే సరి!

మా బాబాయికి చాట్రాయిలో ఓ ఫంక్షన్ హాలుంది. (మామిడి తోటల చాట్రాయే. 2022లో ఏలూరు జిల్లాలో కలిపారు గానీ మావాళ్ళ నోటికి ఇంకా కృష్ణా జిల్లానే వస్తుంది.) ఫాల్స్ సీలింగు పైన డక్టులు, మేడ మీద అవుట్‌డోర్ యూనిట్లు, గేటు దగ్గర "సెంట్రల్ ఏసీ" అని బోర్డూ.

పోయిన వేసవిలో దానికో వింత జబ్బు పట్టుకుంది. పెళ్ళి మొదలైనప్పుడు చల్లగానే ఉంటుంది. రెండు గంటలయ్యాక, సరిగ్గా జనం నిండే వేళకి, గాలి సన్నగిల్లిపోతుంది. మగపెళ్ళివారి చిందులు మొదలు. మర్నాడు మెకానిక్కొచ్చి స్విచ్చేస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది! "గ్యాసు తగ్గిందండి" అని కొట్టి, డబ్బులు పట్టుకుపోయాడు. ఇలా మూడుసార్లు. నాలుగోసారి, "జనం ఎక్కువైపోయారండి, ఇంకో మెషీను పెట్టించాల్సిందే" అన్నాడు.

ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. గ్యాసు పెట్రోలు కాదండీ బాబూ, తిరిగేకొద్దీ అయిపోడానికి! మూసిన గొట్టాల్లో అదే గ్యాసు మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. లీకు వెతక్కుండా కొట్టడమంటే చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. అంచనాగా ఎక్కువ కొడితే ప్రెషర్ పెరిగి కంప్రెసరుకే ఎసరు. అన్నిటికన్నా ముఖ్యం, రాత్రి పోయిన గ్యాసు తెల్లారేసరికి తనంతట తనే తిరిగొస్తుందా?

ఈలోగా బాబాయి, హాలు చూసుకునే కుర్రాడే ఏదో నొక్కేస్తున్నాడని పనిలోంచి తీసేశాడు.

నేను సెలవుకి వెళ్ళినప్పుడు బుకింగు డైరీ తిరగేశాను. ఆ కుర్రాడు ప్రతిసారీ తేదీ పక్కన రాసిపెట్టాడు, "రాత్రి 8.40కి ఏసీ తగ్గింది" అని. తగ్గినవన్నీ పెళ్ళిళ్ళూ, రిసెప్షన్లే. మే నెల మిట్టమధ్యాహ్నం హాలు కిక్కిరిసిన పార్టీ మీటింగు రోజు మాత్రం ఏ గొడవా లేదు. అంటే జనం కారణం కాదు. మరి పెళ్ళికుండి మీటింగుకి లేనిదేమిటి?

డెకరేషను!

స్టేజీ వెనక గోడకే రిటర్న్ గ్రిల్లుంది. హాల్లో గాలంతా అందులోంచే మెషీనుకి తిరిగెళ్ళాలి. డెకరేషన్‌వాళ్ళు దానిమీద పరదా బిగించి కట్టేస్తున్నారు. గాలి చాలక కాయిలు సున్నా డిగ్రీల కిందకి పోయి, గాల్లో తేమ దానిమీద మంచై గడ్డకడుతుంది. మంచు పెరిగేకొద్దీ గాలి ఇంకా తగ్గుతుంది. రాత్రి ఆపేస్తే కరిగిపోతుంది. పొద్దున మెకానిక్కొచ్చేసరికి పరదా లేదు, మంచూ లేదు. నమ్మకం కోసం ఖాళీ హాల్లో పరదా కట్టి నడిపాం. రెండు గంటలకి మంచు ప్రత్యక్షం. పరదాని గోడకి రెండడుగులు ఇవతలికి జరిపించాక మళ్ళీ రాలేదు.

నవ్వకండి, మనమేం తక్కువ తినలేదు. "నా మెషీన్లో పనిచేస్తోంది", "రీస్టార్ట్ చేశాం, క్లోజ్ చేస్తున్నాం" అని వారానికెన్నిసార్లు రాస్తాం? రీస్టార్టు మన గ్యాసు. సర్వర్ పెంచమనడం మన ఇంకో మెషీను. వచ్చిపోయే జబ్బు వదిలే జాడ ఒక్కటే: ఎప్పుడొచ్చింది, అప్పుడు చుట్టూ ఏముంది. ఒక ఏడు విరగకాసి మరుసటేడు మొహం చాటేసే మామిడిచెట్టు లెక్క మా ఊరి రైతులకి నోటికి వచ్చు. లాగ్ చూడ్డానికి మాత్రం ఇంజినీరింగు చదివిన మనకి బద్ధకం. "ఇప్పుడు పనిచేస్తోందిగా" అనేది రిపేరు కాదు, వాయిదా.

గ్యాసు డబ్బులు పోతే పోయాయి. ఆ కుర్రాడికి బాబాయి మళ్ళీ కబురు పెట్టాడు. వాడు రానన్నాడు. మామిడికాయల ప్యాకింగులో చేరిపోయాట్ట. అసలు జబ్బేంటో రాసిపెట్టింది వాడొక్కడే, శిక్ష పడింది కూడా వాడికే.